బిళ్ళ పెట్టి పోమ్మా

మా వైపు మనిషి పోతే పేపర్లో వేయించరు, గోడ మీద అంటిస్తారు. పెద్ద కాగితం, మధ్యలో పోయినవాళ్ళ ఫొటో, పైన కన్నీటి అంజలి అని లావుపాటి అక్షరాలు. కోలారు బంగారు గనుల ఊరు కేజీయఫ్‌లో తమిళవాళ్ళ అలవాటు అది, తెలుగువాళ్ళం కూడా ఎప్పుడో నేర్చుకున్నాం. పోయిన నెలలో ఒక ఆదివారం రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో కొత్తిమీర బేరం చేస్తూ తలెత్తితే, ఎదురుగోడ మీద ఆయన ఉన్నాడు.

కట్ట చేతిలోనే ఉండిపోయింది. "తీసుకుంటావా, పెట్టేసి పోతావా అమ్మా?" అని అమ్మే ఆమె కసిరింది.

ఫొటోలో ఆయన మెడలో నీలం రంగు పట్టీ ఉంది. మా కంపెనీ పట్టీ. గుండెపోటట, ఆస్పత్రిలో రెండు రోజులున్నాడట, ఆ వివరాలన్నీ పక్క కొట్టతను చెప్పాడు. నాకు ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ముందు మాత్రం ఆ పట్టీ చూసి ఒళ్ళు మండింది. మనిషిని బయటికి గెంటిన కంపెనీ, చచ్చాక కూడా మెడలో వేలాడుతోంది. నేనింకా ఆ కంపెనీలోనే ఉద్యోగం చేస్తున్నాను, ఆ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది.

ఆయన పేరు మా ఆఫీసులో చాలామందికి తెలియదు. బిళ్ళ సార్ అనేవాళ్ళు. మర్యాదగా పెట్టిన పేరు కాదది. ఆయన బల్ల మీద వాళ్ళ నాయన వక్కాకు వేసుకునే పాత స్టీలు డబ్బీ ఒకటుండేది. పెన్ను కావాలన్నా, చార్జరు కావాలన్నా, వానలో గొడుగు కావాలన్నా ఆయన లేదనేవాడు కాదు. డబ్బీ మూత తీసి ముందుకు జరిపేవాడు. "బిళ్ళ పెట్టి పోమ్మా" అనేవాడు. అంటే మన వస్తువేదో ఒకటి అందులో వెయ్యాలి. నేను జడకు పెట్టుకునే క్లిప్పు వేసేదాన్ని. కొందరు బండి తాళం వేసేవాళ్ళు. వస్తువు తెచ్చిస్తే బిళ్ళ తిరిగి ఇచ్చేవాడు, మరచిపోయి ఇంటికి వెళ్తే బండి అక్కడే ఉండిపోయేది.

ఒకసారి మా మేనేజరు పెన్ను అడిగాడు. చేతిలో ఎవరో సంతకం కోసం తెచ్చిన కాగితం, తొందర. ఆయన డబ్బీ జరిపాడు. మేనేజరు పెద్దగా నవ్వి జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి వేశాడు.

"అది చెల్లదు సార్," అన్నాడాయన. "అట్లాటివి మీ కాడ ఇంగా శానా ఉంటాయి. దగ్గర లేకుంటే మీకు ఇబ్బంది అయ్యేది ఏదన్నా పెట్టండి."

చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాం. మేనేజరు కూడా నవ్వుతూనే చేతి గడియారం విప్పి పెట్టాడు. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. పెన్ను మాత్రం అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది.

ఆ పిచ్చి ఆయనకి గనుల నుంచి వచ్చింది. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి బంగారు గనుల్లో పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళని షాఫ్టు అనే నిలువు బావి ముందుండే ఆఫీసులో ఇచ్చి, ఇనప బోనులో దిగాలి. దాన్ని బోర్డుకి తగిలిస్తారు. పైకొచ్చాక తీసుకుని ఇంటికి పోవాలి. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా, ఒక మనిషి ఇంకా భూమి లోపల ఉన్నాడని లెక్క. గనులు మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ బోర్డు మాత్రం ఆయన తలలో తెరిచే ఉండేది.

వాళ్ళ నాయన కథ మా రైల్లో ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన ఊరుగాంలో ఎక్కి వచ్చేవాడు, నేను బంగారుపేటలో ఎక్కేదాన్ని. బెంగళూరు చేరేదాకా ఎదురెదురు సీట్లు.

"మా నాయన ఒగసారి, పైకొచ్చే బోను కాడ జనం ఎక్కువుండారని, లోపల్లోపలే నడిచిపోయి పక్క షాఫ్టులో ఎక్కేసినాడమ్మా. అట్నించి అట్లే సినిమాకి పోయినాడు. ఈడ బోర్డు మీద ఆయప్ప బిళ్ళ అట్లే ఉండాది. మా అమ్మ షాఫ్టు కాడ తల బాదుకుంటా ఉండాది. ఎతికేకి దిగినోళ్ళల్లో ఒకాయన మీద రాయి పడి కాలు పోయింది. సినిమా చూస్తా ఉండేవోణ్ణి ఎతకతా పోయింది ఆ కాలు."

ఇక్కడికొచ్చాక ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. "మా నాయన ఇంగ ఆ జన్మలో సినిమా చూళ్ళేదు. దిగిన షాఫ్టులోనే ఎక్కల్ల. ఇంగేమీ లేదు, అదొక్కటే రూలు."

ఆ ఒక్క రూలు మీదే ఆయన మా కంపెనీకి అన్నం పెట్టే కోడు రాశాడు. మేం చేసేది ఒక లైబ్రరీ. పుస్తకాలది కాదు, వేరే కంపెనీలవాళ్ళు తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకునే కోడు. కెమెరాలు పంపే వీడియోని బొమ్మ బొమ్మగా విడదీసి చూస్తుంది. ప్రతి బొమ్మకీ కంప్యూటర్లో కొంత మెమరీ కావాలి. ప్రతిసారీ కంప్యూటర్ని అడిగి తెచ్చుకుంటే ఆలస్యం. అందుకని ఆయన ముందే పెద్ద ముక్క తీసుకుని, దాన్ని చిన్న తుంటలుగా కోసి, అడిగినవాళ్ళకి ఇస్తూ, పనయ్యాక వెనక్కి తీసుకుంటూ ఉండే సొంత ఏర్పాటు ఒకటి రాశాడు. అలకేటర్ అంటారు దాన్ని. లైబ్రరీలో ఒకేసారి పనిచేసే భాగాలు చాలా ఉంటాయి. ఒక్కో భాగానికి తుంటలు దాచుకునే ఒక్కో కొట్టు. ప్రతి తుంట మీదా అది ఏ కొట్టులోదో గుర్తు. వెనక్కి ఇచ్చేది ఎవరైనా సరే, ఆ గుర్తు చూసి అది పుట్టిన కొట్టులోనే పడేస్తుంది. దిగిన షాఫ్టులోనే ఎక్కాలి.

పని చేసేటప్పుడు ఆయనకో అలవాటుండేది. ప్రోగ్రాము నడిపే ముందు బల్లని మూడుసార్లు తట్టేవాడు. బోనులో మనుషులున్నారు, మెల్లగా అని గనిలో గంట కొట్టే లెక్కట అది. పక్క బల్ల కుర్రవాళ్ళు వేళాకోళంగా తామూ తట్టేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. అంత సౌమ్యుడేమీ కాదు, ఎవరైనా కోడు అడ్డదిడ్డంగా రాస్తే "ఏం చదివినారప్పా మీరు, సుమ్నే, ఊరికే ఫీజు కట్టినారా?" అని నలుగురిలో అడిగేసేవాడు. అందుకే ఆయనకి స్నేహితులు తక్కువ. ఆపద వచ్చిన రోజు ఆ తక్కువ కూడా కనిపించలేదు.

ఒక పెద్ద కస్టమరుకి డెమో ఇవ్వాల్సి వచ్చింది. లైబ్రరీ ఇంకాస్త వేగంగా నడవాలన్నారు. గుర్తు చూసే పనికి ప్రతిసారీ రవ్వంత సమయం పడుతుంది కదా, దాన్ని తీసేస్తే వేగం పెరుగుతుంది. ఆయన ఒప్పుకోలేదు. మేనేజరు ఆయన బల్ల దగ్గరికే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"డెమో కాపీలో మాత్రమే తీసేద్దాం. కస్టమరుకిచ్చే కాపీలో మళ్ళీ పెట్టేస్తాం. నా మాట."

ఆయన సరేనన్నాడు. డబ్బీ జరపలేదు.

కస్టమరుకి లైబ్రరీ వెళ్ళింది. కొన్నాళ్ళకి వాళ్ళ మిషన్లు ఒకదాని వెనక ఒకటి పడిపోవడం మొదలైంది. మెమరీ పెరిగి పెరిగి, ఊపిరాడక ఆగిపోతున్నాయి. ఆ మధ్యాహ్నమే మేనేజరు దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. మా ఆఫీసులో అందరికీ, కస్టమరు వైపు అందరికీ. అలకేటర్ మూల డిజైనులోనే లోపం ఉందనీ, దాన్ని రాసినవారు ఫలానా అనీ, ఆయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా. బిళ్ళ సార్ అసలు పేరు చాలామందికి అప్పుడే తెలిసింది.

ఆయన మెయిలు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. ఎవరి మీదా అరవలేదు. "నా లోపమైతే నేనే పట్టుకుంటా" అన్నాడు.

దొరకలేదు. అదే చిత్రం. మెమరీ కారిపోతుంటే, లీకు అంటాం దాన్ని, చూపించే పనిముట్లున్నాయి మాకు. అన్నీ పెట్టి చూశాడు. తీసుకున్న ప్రతి తుంటా వెనక్కి వచ్చేసింది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. అయినా కస్టమరు మిషన్లలో మెమరీ పెరుగుతూనే ఉంది. రైల్లో నా ఎదురుగా కూర్చుని గొణుక్కునేవాడు. "అందురూ పైకి ఎక్కేసినారు. బోర్డు ఖాళీ. మళ్ళా లోపల యాడ చూసినా జనమే. ఎట్లమ్మా?"

"ఆ గుర్తు తీసేసిన కాపీ వాళ్ళకి వెళ్ళిపోయిందేమో అన్నా," అన్నాను నేను.

"మాట ఇచ్చినాడు కదమ్మా," అన్నాడు. అక్కడితో ఆ దారి మూసేశాడు. తన పెన్నుకి బిళ్ళ అడిగే మనిషి, ఒక పెద్దమనిషి మాటని మాత్రం సోదా చెయ్యకూడదనుకున్నాడు. గనుల వాళ్ళల్లో ఆ జబ్బు ఉంది. పైనుంచి గంట కొట్టినవాడిని నమ్మకపోతే ఎవడూ బోనులో కాలు పెట్టలేడు.

చివరికి దారి చూపింది మా టిఫిన్ డబ్బాలు. పొద్దుటి రైల్లో మేం ఏడెనిమిది మందిమి డబ్బాలు విప్పి పంచుకుని తినేవాళ్ళం. ఒకరిది రాగిరొట్టె, ఒకరిది చిత్రాన్నం, చేతులు మారుతూ తిరిగేవి. వైట్‌ఫీల్డు వచ్చేసరికి ఖాళీ డబ్బాలు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళ సంచిలోకి వెళ్ళేవి. ఒక రోజు నేను ప్లాస్టిక్ కవర్లో ఇడ్లీలు తెచ్చాను.

"డబ్బా ఏమైందమ్మా?" అన్నాడాయన.

"ఇంట్లో ఒక్కటీ లేదన్నా. మా అమ్మ రోజూ తిడతా ఉండాది, డబ్బాలన్నీ యాడ పారేస్తా ఉండావే అని. ఇప్పటికి రెండుసార్లు కొత్తవి కొనింది."

చివరి సీట్లో బ్యాంకులో పనిచేసే ఒకామె కూర్చునేది. ఆమె నవ్వేసింది. "అయ్యో, మా ఇంట్లో పెట్టేకి జాగా లేదు కదమ్మా! ఎవరివో ఏమో, దినామూ నా సంచిలోనే చేరతాయి. నేను కడిగి కడిగి పెడతా ఉండా."

ఆయన నమలడం ఆపేశాడు. నోట్లో ఇడ్లీ అలాగే ఉంది.

"ఒగ డబ్బా కూడా పోలేదు," అన్నాడు నెమ్మదిగా. "అన్నీ సంచిలోకి వచ్చినాయి. కానీ వేరే సంచిలోకి. ఈయమ్మ ఇంట్లో గుట్ట, నీ ఇంట్లో కరువు. నువ్వు కొంటానే ఉంటావు."

ఆఫీసుకి చేరగానే కస్టమరుకి వెళ్ళిన కాపీనే తెప్పించాడు. ఒక్కో కొట్టులోంచి వెళ్ళే తుంటల నిండా ఒక్కో అంకె నింపి వదిలాడు. బల్లని మూడుసార్లు తట్టి నడిపించాడు. కాసేపయ్యాక ఆపి లోపల చూస్తే, బొమ్మలు పని ముగించే భాగం కొట్టు నిండా, బొమ్మలు అందుకునే భాగం అంకెలే. అందుకునేవాడు ఎప్పుడూ తీసుకుంటాడు, ముగించేవాడు ఎప్పుడూ వెనక్కి ఇస్తాడు. గుర్తు చూసే కాపలా లేకపోవడంతో ఇచ్చినవన్నీ ముగించేవాడి కొట్టులోనే గుట్టపడుతున్నాయి. అందుకునేవాడి కొట్టు ఖాళీ, కంప్యూటర్ని కొత్త మెమరీ అడుగుతూనే ఉన్నాడు. గుర్తు మళ్ళీ పెట్టలేదు వాళ్ళు. పెడతామన్న మాట భుజం మీద చెయ్యితో పాటే జారిపోయింది.

నేను సంతోషపడ్డాను. ఆయన పడలేదు. తెర వైపు చూస్తూ, "దీనికొక్కదానికే బిళ్ళ తీసుకోలేదమ్మా నేను" అన్నాడు.

మర్నాడు మీటింగులో అన్నీ చూపించాడు. మేనేజరు శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు. "గుడ్. ఫిక్స్ చేసేద్దాం. ముందుకు వెళ్దాం" అని లేవబోయాడు.

"సార్, మెయిలు?" అన్నాడాయన.

"ఏ మెయిలు?"

"నా పేరు పెట్టి పంపినారు కదా సార్. అది పోయినోళ్ళందరికీ ఇంగొకటి పోవల్ల. డిజైను తప్పు కాదని. ఒగ లైను చాలు."

"మనమంతా ఒక ఫ్యామిలీ. తప్పు ఎవరిదని వేలు చూపించుకోవడం మన కల్చర్ కాదు."

మెయిల్లో ఇంటిపేరుతో సహా వేలు చూపించిన మనిషే ఆ మాటన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "ఒక లైనే కదా సార్, పంపితే ఏం పోతుంది?" అన్నాను. "అవునవును, మీరిద్దరూ ఒకే రైలు కదా" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తున్నాయి, వాళ్ళతో కాఫీ తాగడం మానేశాను.

గుర్తు చూసే కోడు తిరిగి లైబ్రరీలోకి వెళ్ళింది. కొత్త సౌకర్యం అని పేరు పెట్టి, ఇంకెవరి పేరుతోనో విడుదల చేశారు. మిషన్లు పడిపోవడం ఆగింది. కస్టమరు మా మేనేజర్ని మెచ్చుకుంటూ మెయిలు పంపాడు, దాన్ని మాత్రం అందరికీ పంపారు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆయన మేనేజరు గాజుగది ముందు నిలబడేవాడు. తలుపు మీద మూడు తట్లు. "సార్, ఆ మెయిలు?" మొదట్లో ఈ రోజు పంపుతానన్నాడు మేనేజరు. తర్వాత రేపన్నాడు. తర్వాత ఫోను చెవికి పెట్టుకునేవాడు. చివరికి గాజుకి తెర దించేశాడు. తెర ముందు కూడా ఆయన నిలబడ్డాడు. నలుగురూ పిచ్చివాడన్నట్టు చూసేవాళ్ళు. నాకు వాళ్ళని చూస్తే అసహ్యం వేసేది, ఆయన్ని చూస్తే కోపం వచ్చేది. "వదిలెయ్యన్నా" అన్నానొకసారి రైల్లో. "ఎట్ల వదిలేది? నా పేరు లోపలే ఉండిపోయింది కదమ్మా. ఎవురో ఒగరు గంట కొట్టి పైకి లాగల్ల" అన్నాడు.

వాళ్ళు ఆయన్నే లాగి పడేశారు. పునర్వ్యవస్థీకరణ అని దానికో పెద్ద మాట ఉంది.

వెళ్ళే రోజు లాప్‌టాపు, దాని సంచి, చార్జరు, కాగితాలు గుచ్చే స్టేప్లరు కూడా తుడిచి బల్ల మీద పెట్టాడు. హెచ్చార్ అమ్మాయి గుర్తింపు కార్డు అడిగింది.

"అది ఇయ్యనమ్మా."

"అది కంపెనీ వస్తువు సార్."

"అవును, కంపెనీదే. అందుకే పెట్టుకుంటా ఉండా. నాదొగటి మీ కాడ ఉండిపోయింది. అది తెచ్చిచ్చి, ఇది తీసుకోండి."

డబ్బీ మూత తీసి కార్డు అందులో వేసి మూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు నవ్వుతూ, "పోనివ్వండి, ఎలాగూ ఏ తలుపూ తెరుచుకోదు దాంతో" అన్నాడు.

ఆయన తలుపులు అంతకుముందే మూసుకుపోయాయి. ఉద్యోగం కోసం ఒక కంపెనీకి వెళ్తే, ఎదురుగా కూర్చున్నతను కాగితం చూసి, "ఆ లీకు మీదే కదా?" అన్నాడట. ఒకప్పుడు ఆ కస్టమరు దగ్గర పనిచేసినవాడు. ఇంకోచోట అడగలేదు కానీ, మళ్ళీ పిలవలేదు. బెంగళూర్లో మెయిలుకి కాళ్ళుంటాయి. ఆయన రాబర్ట్‌సన్‌పేటలో చిన్న కొట్టు తెరిచి ప్రింటర్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆదివారాలు నేను మార్కెట్‌కి వెళ్ళినప్పుడు కొట్లోంచే కేకేసేవాడు. "మెయిలేమన్నా వచ్చిందా అమ్మా?" రాలేదనేదాన్ని. "వస్తాదిలే" అనేవాడు. కొన్నాళ్ళకి నోటితో అడగడం మానేశాడు. కనుబొమలు ఎత్తేవాడు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. మళ్ళీ స్క్రూడ్రైవరు తీసుకునేవాడు. ఆ కనుబొమలే నాకు ఎక్కువగా గుర్తొస్తున్నాయి.

గోడ మీద ఆయన్ని చూసిన మర్నాడు ఆఫీసులో చెప్పాను. మధ్యాహ్నానికి సంతాపం మెయిలు వచ్చింది, మా పూర్వ కుటుంబ సభ్యుడు అని. సాయంత్రం హెచ్చార్ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది.

"మేడమ్, మీరు అటువైపే కదా. సార్ ఐడీ కార్డు ఒకటి రావాలి. సిస్టంలో అదొక్కటే ఓపెన్‌గా ఉంది. తెచ్చేస్తే ఫైలు మూసేస్తాం."

ఆ అమ్మాయి కొత్తది, ఆమెని తిట్టి లాభం లేదు. ఆ వారం చివర నేను వెళ్ళాను.

గని కూలీలకి అప్పట్లో కట్టించిన రేకుల ఇళ్ళ వరుసలో వాళ్ళ ఇల్లు. కంపెనీ పంపిన పూలదండ గుమ్మం పక్కన మేకుకి వాడిపోయి వేలాడుతోంది. ఆయన భార్యని నేను వదినా అంటాను. నన్ను చూసి కాసేపు ఏడ్చింది. అదొక్కటే మంచి ఫొటో ఉందమ్మా, అందుకే ఆ పట్టీతోనే వేయించినామంది. నేను కార్డు మాట ఎత్తకముందే తనే లేచి వెళ్ళి డబ్బీ తెచ్చింది. మూత తీసి నా అరచేతిలో బోర్లించింది. క్లిప్పుల్లేవు, తాళాల్లేవు. ఎవరివి వాళ్ళకి ఎప్పుడో వెళ్ళిపోయాయి. కార్డు ఒక్కటే పడింది.

"కంపెనీది కదమ్మా ఇది," అంది. "దీన్ని చూస్తే నాకు బయమైతా ఉండాది. పోయినాయన్ని దొంగ అంటారేమోనని. వాళ్ళది వాళ్ళకి ఇచ్చేయమ్మా."

కార్డు మీద ఆయన పేరు పూర్తిగా ఉంది, ఇంటిపేరుతో సహా. నేను దాన్ని సంచిలో పెట్టుకోబోయాను.

"ఒగ మాట అడుగుతా," అంది వదిన. "ఆస్పత్రిలో కూడా అదే అడిగినాడు నన్ను. ఆ మెయిలు వచ్చిందా?"

"రాలేదు వదినా."

ఆమె గని మనిషి కూతురు, గని మనిషి కోడలు. చెయ్యి చాచి, నా వేళ్ళ మధ్య నుంచి కార్డు మెల్లగా లాక్కుంది. డబ్బీలో వేసి మూత నొక్కింది.

"అయితే మనిషి ఇంగా లోపలే ఉండాడు కదమ్మా," అంది. "పైకి ఎక్కినాక వచ్చి తీసుకోమని చెప్పు మీవోళ్ళకి."